వైద్యంలో విద్యుదయస్కాంత క్షేత్రాలు – ఉక్కు కార్మికుడు చెప్పవలసిన మాట

దల్లీ–రాజహరా గనుల నుండి ఇనుప ఖనిజం నింపుకొని వచ్చే గూడ్సు బండ్లు మరోదా మీదుగా సాగిపోవడం మనకు నిత్యమూ కనిపించే దృశ్యమే. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయి కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కొలిమి వెలుగును చూసి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి రాయపూర్ బండి ఎక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇనుమే వారికి అన్నం పెట్టింది, పిల్లలను చదివించింది. ఇనుముతో మన అనుబంధం అంత గాఢమైనది. అయితే ఆ ఇనుము ఒక్కొక్కప్పుడు మనకు తెలియకుండానే మన దేహంలో చిన్న రేణువుగా స్థిరపడిపోతుంది. దానివల్ల కలుగగల ఒక ప్రమాదాన్ని గురించి పాఠకులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

మరోదా సెక్టారులో మాకు పరిచయమైన ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పయ్యేళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. నడుమునొప్పి కాళ్లలోకి దిగుతూండగా వైద్యులు వెన్నెముకకు ఎమ్మారై పరీక్ష రాశారు. ఆ చీటీ చేతికి వచ్చిన సాయంత్రం మేము వారింటికి వెళ్లాము. ఇంటావిడ కాఫీ ఇస్తూ మూడు సందేహాలు మా ముందుంచారు. "బాబూ, ఒంట్లో నెత్తురు నిండా ఇనుమే కదా, అంత పెద్ద అయస్కాంతం దాన్ని లాగెయ్యదా? ఆ కిరణాల వల్ల తరువాత కాన్సరు రాదా? రేపు నాకే ఆ పరీక్ష రాస్తే పుస్తెలు తీసెయ్యమంటారట, నిజమేనా?" అన్నారు.

ఈ మూడూ మన కాలనీలలో తరచుగా వినిపించే ప్రశ్నలే. వీటికి సమాధానాలు ఉన్నాయి. అయితే నాల్గవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని ఆ దంపతులు అడగలేదు, మాకు కూడా అప్పటికి తోచలేదు. మరునాడు స్కానింగు కేంద్రంలో సాంకేతిక నిపుణుడు ఆ ప్రశ్న వేశాడు. ముందుగా మూడు ప్రశ్నల సంగతి చూద్దాము.

క్షేత్రమంటే ఏమిటి?

విద్యుత్తు ప్రవహించే తీగ చుట్టూ అయస్కాంత ప్రభావం ఏర్పడుతుందని 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అయర్‌స్టెడ్ కనుగొన్నాడు. మారుతూండే అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో ఫారడే నిరూపించాడు. మన కర్మాగారంలోని మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, తుక్కు ఇనుమును ఎత్తే అయస్కాంత క్రేన్లు అన్నీ ఈ రెండు సూత్రాల సంతానమే. ఆసుపత్రిలోని ఎమ్మారై యంత్రం కూడా ఆ కుటుంబానికి చెందినదే.

మన శరీరంలో అధిక భాగం నీరు. నీటిలోని హైడ్రోజన్ పరమాణు కేంద్రకాలు అతి సూక్ష్మమైన అయస్కాంతాల వలె ప్రవర్తిస్తాయి. బలమైన క్షేత్రంలో అవి ఒక క్రమానికి వస్తాయి. అప్పుడు తగిన పౌనఃపున్యం గల రేడియో తరంగాన్ని పంపితే అవి చలించి, తిరిగి సర్దుకొనేటప్పుడు సన్నని సంకేతాన్ని వెలువరిస్తాయి. ఆ సంకేతాలను కంప్యూటరు చిత్రంగా మలుస్తుంది. ఈ కేంద్రక అనునాదాన్ని 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా ప్రదర్శించి 1952లో నోబెల్ బహుమతి పొందారు. ప్రవహించే ద్రవాలలో ఈ అనునాదం ఎలా ఉంటుందో 1951లోనే బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జి. సూర్యన్ పరిశోధించి ప్రకటించడం మనం గర్వించదగిన విషయం. 1973లో పాల్ లాటర్‌బర్ దీనితో చిత్రాన్ని రూపొందించే పద్ధతిని చూపగా, పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని అభివృద్ధి చేశాడు. వీరిద్దరికీ 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

భూమి అయస్కాంత క్షేత్రం మిల్లీ టెస్లాలో ఇరవయ్యో వంతు ప్రాంతంలో ఉంటుంది. ఆసుపత్రులలో సాధారణంగా వాడే యంత్రాల క్షేత్రం 1.5 లేదా 3 టెస్లాలు. అంటే భూక్షేత్రానికి ముప్పయి వేల నుండి అరవై వేల రెట్లు. ఈ సంఖ్య వినగానే భయం కలగడం సహజమే.

రక్తంలోని ఇనుము

వయోజనుని దేహమంతటిలో ఉండే ఇనుము సుమారు 4 గ్రాములు మాత్రమే. అందులో అధిక భాగం రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఇమిడి ఉంటుంది. అది మన రోలింగు మిల్లులోని ఉక్కు వలె ముద్దగా లేదు. ఒక్కొక్క పరమాణువు పెద్ద అణువుల మధ్య విడివిడిగా బంధింపబడి ఉన్నది. అయస్కాంతం ఇనుప ముక్కను బలంగా లాగాలంటే అందులోని కోట్లాది పరమాణువులు గుంపులుగా ఒకే దిశలో నిలబడగలగాలి. హిమోగ్లోబిన్‌లో ఆ అవకాశం లేదు. ప్రాణవాయువుతో కూడిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం ఆకర్షించదనీ, నిజానికి అతి స్వల్పంగా వికర్షిస్తుందనీ 1936లోనే లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ తేల్చి చెప్పారు. కాబట్టి నెత్తురును యంత్రం లాగివేస్తుందన్న భయం అవసరం లేదు.

రెండవ సందేహం కిరణాలను గురించినది. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో అయనీకరణ వికిరణం వాడతారు. దానికి జీవకణాలలోని జన్యు పదార్థాన్ని దెబ్బతీయగల శక్తి ఉన్నది. ఎమ్మారైలో అటువంటి వికిరణం లేదు. 1.5 టెస్లాల యంత్రంలో వాడే రేడియో తరంగాల పౌనఃపున్యం సుమారు 64 మెగాహెర్ట్జ్. అవి పరమాణు బంధాలను తెంచలేవు. వేడిని మాత్రం కలిగిస్తాయి. ఇన్ని దశాబ్దాల వినియోగంలో ఎమ్మారై క్షేత్రాల వల్ల కాన్సరు కలుగుతుందని నిర్ధారణ కాలేదు.

అసలు ప్రమాదం ఎక్కడ?

క్షేత్రం నేరుగా దేహానికి చేసే హాని స్వల్పమైతే ప్రమాదం ఎక్కడి నుండి వస్తుంది? దేహం మీద, దేహం లోపల, గదిలో ఉన్న లోహం నుండి వస్తుంది.

మన క్రేన్ ఆపరేటరు స్విచ్చి తిప్పితే అయస్కాంతం పట్టు వదలి తుక్కు కింద పడుతుంది. ఆ అలవాటుతో ఆసుపత్రి అయస్కాంతాన్ని కూడా చూడటం పొరపాటు. ఎక్కువ ఎమ్మారై యంత్రాలలోని తీగచుట్టను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచి అతివాహక స్థితిలో ఉంచుతారు. అందులో ఒకసారి ప్రవేశపెట్టిన విద్యుత్తు నిరోధం లేకుండా తిరుగుతూనే ఉంటుంది. రాత్రి గదికి తాళం వేసినా, కరెంటు పోయినా, పరీక్ష జరగకపోయినా ఆ అయస్కాంతం మేల్కొనే ఉంటుంది. యంత్రం చప్పుడు చేయడం లేదు గనుక ఆగి ఉన్నదని భావించరాదు.

ఈ సంగతి మరచినచోట ఘోరాలు జరిగాయి. 2001లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో పరీక్షలో ఉన్న ఆరేళ్ల బాలుని మీదికి ఉక్కు ఆక్సిజన్ సిలిండరు ఎగిరివచ్చి తగలడంతో ఆ పసివాడు మరణించాడు. 2014లో నవీ ముంబయిలోని ఒక కేంద్రంలో సిలిండరుకూ యంత్రానికీ మధ్య ఇద్దరు ఉద్యోగులు గంటల తరబడి చిక్కుకొని గాయపడ్డారు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రోగి బంధువైన యువకుడు సిలిండరు పట్టుకొని గదిలోకి వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. 2025 జూలైలో మళ్లీ న్యూయార్కు రాష్ట్రంలోనే మెడలో బరువైన లోహపు గొలుసు ధరించిన వ్యక్తిని యంత్రం లాగివేయగా అతడు మరణించాడు. ఈ నాలుగు సందర్భాలలోనూ ఆపద తెచ్చినది లోపలికి వెళ్లకూడని లోహమే.

నాల్గవ ప్రశ్న

ఇక సాంకేతిక నిపుణుడు మా పెద్దాయనను అడిగిన ప్రశ్నకు వద్దాము. "ఎప్పుడైనా మీ కంటిలో ఇనుప రేణువు పడిందా?"

ఆయన నవ్వి, "అదేం ప్రశ్న బాబూ, గ్రైండింగ్ చేసినన్నాళ్లూ పడుతూనే ఉండేది. రుమాలు కొసతో తీసేసుకునేవాళ్లం" అన్నారు. ఒక్కసారి మాత్రం కన్ను వారం రోజులు ఎర్రబడి ఉండిందనీ, తరువాత దానంతటదే తగ్గిందనీ గుర్తు చేసుకున్నారు. వెంటనే పరీక్ష నిలిపివేసి కంటి గూటికి ఎక్స్‌రే తీయించారు. అందులో ఆవగింజలో సగమైనా లేని తెల్లని చుక్క కనిపించింది. దాదాపు పాతికేళ్లుగా ఆయనతోపాటే తిరుగుతున్న అతిథి అది. వైద్యులు ఎమ్మారై మానివేసి సీటీ స్కాన్‌తో అవసరమైన సమాచారం రాబట్టారు. ఆయనను కంటి వైద్యుని వద్దకు కూడా పంపారు.

ఇది అతి జాగ్రత్త కాదు. లోహపు రేకుల పని చేసిన ఒక వ్యక్తికి ఎమ్మారై తీసినప్పుడు కంటిలోని రేణువు కదలి, లోపల రక్తస్రావమై ఒక కన్ను చూపు పోయిన సంగతి 1986లో ఒక వైద్య పత్రికలో వెలువడింది. ఆ నాటి నుండి లోహపు పని చేసినవారిని ఈ ప్రశ్న అడగడం ఆచారమైనది. మెదడు రక్తనాళానికి వేసిన పాతకాలపు క్లిప్పు క్షేత్రంలో కదలడం వల్ల రోగి మరణించిన ఉదంతం 1993లో ప్రచురితమైంది.

గ్రైండింగ్, వెల్డింగ్, చిప్పింగ్, లేతు పనులలో జీవితం గడిపిన మనకు ఈ ప్రశ్న ఇతరులకన్నా ముఖ్యమైనది. కంటిలో రేణువు పడటాన్ని మనవారు గాయంగా లెక్కించరు, పనిలో భాగంగా భావిస్తారు. అందుకే ఆసుపత్రి కాగితంలో "గాయాలు ఏవైనా ఉన్నాయా" అన్నచోట "లేవు" అని రాసివేస్తారు. పదవీ విరమణ చేసి ఇరవయ్యేళ్లయినా, కొడుకు కాగితం నింపుతున్నా, తండ్రి చేసిన పని ఏమిటో అందులో తప్పక రాయవలసి ఉన్నది.

ఉక్కు అంతా ఒకటి కాదన్నది మనకు తెలిసిన విషయమే. నికెలు తగినంత కలిసిన కొన్ని రకాల స్టెయిన్‌లెస్ ఉక్కు అయస్కాంతానికి దాదాపు అంటదు. టైటానియం అసలే అంటదు. అందువల్ల విరిగిన ఎముకకు వేసిన నేటి ప్లేట్లు, మార్చిన మోకాలి కీళ్లు, గుండె రక్తనాళాలలోని స్టెంట్లు చాలావరకు ఎమ్మారైకి అడ్డు కావు. చుట్టుపక్కల చిత్రం కొంత చెదరవచ్చు. ఆపరేషను నాడు ఇచ్చిన కాగితాన్ని భద్రపరచి చూపితే వైద్యులు సులభంగా నిర్ణయించగలరు.

పుస్తెలు, జరీ చీరలు, చప్పుడు

ఇప్పుడు మూడవ సందేహం. మేలిమి బంగారాన్ని అయస్కాంతం లాగదు. కాని బంగారం మంచి విద్యుద్వాహకం. రేడియో తరంగాలు దానిలో విద్యుత్తును ప్రేరేపించి వేడెక్కించవచ్చు, చిత్రాన్ని కూడా పాడుచేయవచ్చు. పైగా గొలుసు కొక్కెంలోని చిన్న స్ప్రింగు తరచుగా ఉక్కుదే. అందువలన పుస్తెలు, మెట్టెలు, తాయెత్తులు, మొలతాడుకు కట్టిన లోహపు బిళ్లలు తీయవలసిందే. పుస్తెలు తీయడానికి మనసొప్పని ఇల్లాలు ఆ కొద్దిసేపు పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి మెడలో వేసుకోవచ్చు. మన పెద్దలు అంగీకరించిన పద్ధతే గనుక ఎవరూ సంకోచించనవసరం లేదు.

చీరకు పెట్టిన పిన్నీసులు, తలపిన్నులు, లోహపు తంతులున్న జరీ, కొన్ని రకాల మందు పట్టీలు కూడా తీసివేయాలి. చేతులు ఒకదానినొకటి తాకేటట్లు, తొడలు రాసుకొనేటట్లు పడుకొంటే దేహమే ఒక తీగచుట్టగా మారి తాకినచోట చర్మం కాలవచ్చు. అందుకే మధ్యలో మెత్తలు పెడతారు. యంత్రపు చప్పుడు 100 డెసిబెల్స్ దాటగలదు గనుక చెవులకు రక్షణ తప్పనిసరి. ఎక్కడైనా వేడిగా తోచితే ఓర్చుకొనక చేతిలో ఇచ్చిన గంటను నొక్కాలి.

గర్భవతులకు ఎమ్మారై వల్ల శిశువుకు హాని జరిగినట్లు నిరూపణ కాలేదు. అయినా అవసరమైతేనే తీస్తారు, గాడోలినియం అనే రంగుమందును సాధ్యమైనంతవరకు వాడరు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కూడా ఆ మందు ఇచ్చే ముందే తమ సంగతి చెప్పాలి.

ఇతర చికిత్సలలో

విద్యుదయస్కాంత క్షేత్రాలు పరీక్షకే గాక చికిత్సకు కూడా వినియోగపడుతున్నాయి. ఫిజియోథెరపీ విభాగంలో నడుము, భుజాల నొప్పులకు పెట్టే షార్ట్‌వేవ్ డయాథర్మీ 27.12 మెగాహెర్ట్జ్ తరంగాలతో కండరాల లోతున వేడి పుట్టిస్తుంది. అతకని ఎముకలకు స్పందన క్షేత్రాలతో చేసే చికిత్సకు అమెరికా ప్రభుత్వం 1979లో అనుమతి ఇచ్చింది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం పుర్రె వెలుపలి నుండి అయస్కాంత స్పందనలతో మెదడును ప్రేరేపించగలిగింది. మందులకు లొంగని మనోవ్యాకులతకు నేడు దానిని వాడుతున్నారు. మూర్ఛ వచ్చే అవకాశం అరుదుగా ఉన్నందున మూర్ఛరోగులు ముందుగా ఆ విషయం తెలపాలి.

డయాథర్మీ విషయంలో ఒక హెచ్చరిక ఉన్నది. శరీరంలో పేస్‌మేకరు గాని, నాడులను ప్రేరేపించే పరికరం గాని, వాటి తీగలు గాని ఉన్నవారికి ఈ చికిత్స చేయరాదు. తీగ కొస విపరీతంగా వేడెక్కి చుట్టూ ఉన్న కణజాలాన్ని కాల్చివేస్తుంది. మెదడులో అటువంటి పరికరం ఉన్న రోగులు డయాథర్మీ తరువాత మరణించిన సంఘటనలను పేర్కొంటూ 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. భుజం నొప్పికి వెళ్లినా సరే, గుండెలోని యంత్రం సంగతి చెప్పవలసిందే. యంత్రం నడిపే సిబ్బంది కూడా కనీసం ఒక మీటరు ఎడంగా నిలబడటం మంచిది.

పేస్‌మేకరు పెట్టించుకొన్నవారికి ఒకప్పుడు ఎమ్మారై పూర్తిగా నిషిద్ధం. షరతులతో ఎమ్మారైకి తగిన పేస్‌మేకర్లు ఇప్పుడు ఉన్నాయి. అమెరికాలో వాటికి 2011లో మొదటి అనుమతి లభించింది. తమ పరికరం ఏ రకానిదో తెలిపే కార్డును ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలి. పేస్‌మేకరు ఉన్న ఉద్యోగి ఆర్క్ వెల్డింగ్, ఇండక్షన్ ఫర్నేసు, అయస్కాంత క్రేన్ల సమీపంలో పనికి తిరిగి వెళ్లే ముందు హృద్రోగ వైద్యునితోను, ఫ్యాక్టరీ వైద్యాధికారితోను మాట్లాడాలి. ఇంట్లో ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం పాటించాలి. సెల్‌ఫోనును చొక్కా జేబులో పెట్టుకోరాదు.

ఇక అయస్కాంత కంకణాలు, పట్టీలు, పరుపులు సర్వరోగ నివారిణులని చెప్పి వేలకు వేలు వసూలు చేసేవారున్నారు. అటువంటి స్థిర అయస్కాంతాలను జరిపిన పరీక్షలన్నింటినీ సమీక్షించి 2007లో కెనడా వైద్య పత్రికలో ప్రచురించిన వ్యాసం, నొప్పిని అవి తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం లేదని తెలిపింది. పింఛను సొమ్ము వాటిపై వెచ్చించడం తగదు.

దీర్ఘకాలపు సందేహాలు

50 హెర్ట్జ్ కరెంటు వల్ల కలిగే అయస్కాంత క్షేత్రాలను అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2002లోను, రేడియో తరంగాలను 2011లోను "కాన్సరు కారకం కావచ్చు" అనే 2బి వర్గంలో చేర్చింది. ఆ మాటకు అర్థం ఆధారాలు పరిమితంగా ఉన్నాయనీ, సందేహం పూర్తిగా తొలగలేదనీ మాత్రమే. ఎమ్మారైలో వాడే స్థిర క్షేత్రాల విషయంలో వర్గీకరణకు సరిపడ ఆధారాలు లేవని ఆ సంస్థే 2002లో పేర్కొన్నది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి అరగంట పరీక్ష చేయించుకొనే రోగి కన్నా, నిత్యమూ యంత్రం పక్కన నిలబడే సిబ్బందికే ఈ ప్రశ్న ఎక్కువగా వర్తిస్తుంది. వారిలో కొందరికి తల తిరుగుట, నోటిలో లోహపు రుచి తాత్కాలికంగా కలగడం తెలిసినదే. అందుకే నిపుణుల సంఘాలు పరిమితులు నిర్ణయించాయి. సంప్రదాయంగా 0.5 మిల్లీ టెస్లా గీతను హద్దుగా గుర్తించి, పేస్‌మేకరు ఉన్నవారిని దానికి వెలుపలనే ఆపుతూ వచ్చారు.

వీటన్నిటి సారాంశం ఒక్కటే. ఈ క్షేత్రాలు మనకు శత్రువులు కావు. రోగం ఎక్కడ ఉన్నదో కోత లేకుండా చూపే గొప్ప సాధనాలు అవి. మనం చెప్పకుండా దాచిన లోహమే, లేక మరచిపోయిన లోహమే, వాటిని ప్రమాదకరంగా మారుస్తుంది. కాబట్టి పరీక్షకు వెళ్లే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని జ్ఞాపకం చేసుకోవాలి: చేసిన ఉద్యోగం, కంటికి తగిలిన రేణువులు, జరిగిన ఆపరేషన్లు, గుండెలోని యంత్రం, చెవిలో అమర్చిన పరికరం, కాపర్-టీ, గర్భం. ఏది అడ్డు, ఏది కాదు అన్నది నిర్ణయించడం వైద్యుల పని. చెప్పడం మన పని.

ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్న సోదరులకు మరొక మాట. గ్రైండింగ్ చేసే ప్రతిసారీ కళ్లద్దాలు ధరించడం నేటి కంటికే కాదు, రేపటి పరీక్షకు కూడా రక్షణ. కంటిలో ఏదైనా పడితే రుమాలుతో తుడిచి ఊరుకొనక ఫస్ట్ ఎయిడ్ కేంద్రానికి వెళ్లి నమోదు చేయించుకోవాలి. ఆ ఒక్క పంక్తి ఇరవయ్యేళ్ల తరువాత చూపును కాపాడవచ్చు.

మా పెద్దాయన నడుమునొప్పి చికిత్సతో చాలావరకు ఉపశమించింది. సాయంత్రాలు మళ్లీ నడకకు బయలుదేరుతున్నారు. ఆయన కుమారుడు కర్మాగారంలోనే ఉద్యోగి. "మావాడు డ్యూటీకి వెళ్లేటప్పుడు టిఫిను డబ్బా ఉన్నదో లేదో వాళ్లమ్మ చూసుకుంటుంది, కళ్లద్దాలు ఉన్నాయో లేవో నేను చూస్తాను" అని మొన్న మాతో అన్నారు. ప్రతి ఇంటా ఈ అలవాటు నెలకొనాలని మా ఆకాంక్ష.